కోకో తోటకి నీడ చెట్లు: నెల్లూరు ఎండల్లో నేలను నిలబెట్టుకోవడం ఎలా?

కోకో అనగానే గోదావరి జిల్లాల కొబ్బరి తోటలే గుర్తొస్తాయి. అల్లూరు, విడవలూరు వైపు కొబ్బరి ఉన్నవాళ్లకి కూడా ఆ ఆశ పుట్టడం సహజమే. వేసుకోవచ్చు. కాకపోతే డ్రిప్ ఉండాలి, మొక్క కంటే ముందే నీడ సిద్ధంగా ఉండాలి. నీడ ఆకు మాడకుండా చూస్తుంది, నిజమే, కానీ పెద్ద లాభం నేలకే. కోకో మేత వేర్లు (నీరూ పోషకాలూ పీల్చే సన్న వేర్లు) ఎక్కువగా పైన జానెడు మట్టిలోనే ఉంటాయి, రోహిణి కార్తెలో ఆ జానెడు పెనంలా కాలిపోతే ఎన్ని ఎరువు బస్తాలు గుమ్మరించినా ఏం ప్రయోజనం?

ముందు మట్టి పరీక్ష చేయించండి. తోటలో ఎనిమిది పది చోట్ల 15 సెంటీమీటర్ల లోతు నుంచి మట్టి తీసి, కలిపి, అరకిలో పంపితే చాలు. సేంద్రియ కర్బనం (కుళ్లిన ఆకులూ పేడ లాంటివాటి నుంచి నేలలో చేరే కర్బనం) 0.5 శాతం కన్నా తక్కువ ఉంటే నేల బీదదని అర్థం. ఆ కాగితం పారేయకండి, మూడేళ్ల తర్వాత అవే చోట్ల మళ్లీ తీసి పోల్చుకోవాలి.

ఇక చెట్లు. కొబ్బరి 25 అడుగుల దూరంలో ఉంటే రెండు వరుసల మధ్యలో 9 అడుగులకో కోకో మొక్క వస్తుంది. లేత మొక్కకి సగం నీడ కావాలి కాబట్టి ఎండ పడే చోట అరటి, అవిసె ముందే పెట్టండి. తమలపాకు తోటల్లో అవిసెని చూసినవాళ్లకి అదెంత త్వరగా లేస్తుందో చెప్పక్కర్లేదు. ఎక్కువ కాలానికి గ్లైరిసిడియా మేలు, మీటరు కొమ్మ పాతితే బతుకుతుంది, అవిసెలాగే గాలిలోని నత్రజనిని నేలకిస్తుంది. సుబాబుల్ కూడా ఆ పని చేస్తుంది గానీ గింజ రాలి తోటంతా మొలుస్తుంది, పీకలేక చస్తారు. సరుగుడు పడమటి గాలికి అడ్డంగా గట్టు మీద వేసుకోండి. జామాయిల్ మాత్రం వద్దు, నీళ్లకి కోకోతో పోటీ పడుతుంది.

అసలు కిటుకు కొమ్మలు కొట్టే టైంలో ఉంది. మనకి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. సెప్టెంబరు చివర్లో గ్లైరిసిడియా, అవిసె కొమ్మలు కొట్టేస్తే తోటలోకి గాలీ వెలుతురూ వచ్చి నల్లకాయ కుళ్లు (కాయ నల్లబడి కుళ్లే తెగులు) తగ్గుతుంది, తుఫానుకి చెట్టు పడే భయమూ కొంత తగ్గుతుంది, కొట్టిన రొట్ట ఆ వానకే నాని నేలలో కలుస్తుంది. సంక్రాంతి తర్వాత కత్తి ముట్టకండి, వేసవికి గొడుగు మళ్లీ అల్లుకోవాలి కదా.

రొట్టని పాదులో పరవండి, మొదలుకి మాత్రం జానెడు దూరంగా ఉంచండి, లేకపోతే కాండం కుళ్లుతుంది, చెదలు పడతాయి. రాలిన కోకో ఆకులు ఊడ్చి తగలబెట్టడం కొందరికి శుభ్రం, నా దృష్టిలో అది ఎరువుకి నిప్పు పెట్టడమే. ఆ పొరని చేత్తో ఎత్తి చూడండి: కింద తడి, తెల్లటి బూజు దారాలు, వానపాముల మట్టి ఉండలు కనిపిస్తే నేల పని చేస్తున్నట్టే. పైపొర ఎండి, కింద ఇసుక పొడిపొడిగా ఉంటే ఇంకా రొట్ట కావాలి (పక్కింటి మేకలు ముందే లాగించేస్తున్నాయేమో కూడా చూసుకోండి).

కాయలు కొట్టాక మిగిలే తొక్కల్లో పొటాష్ బాగా ఉంటుంది, కంపోస్టు చేసి తోటకే వేయండి. కుళ్లు పట్టిన కాయల్ని మాత్రం అందులో కలపకుండా తోట బయట గుంత తీసి పూడ్చేయండి.