పోస్టుకు లైకులున్నాయి, పాఠానికి జనం లేరు: ఎక్కడ జారిపోతున్నారు?

వైద్య పాఠాలను సోషల్ మీడియాలో పంచేవాళ్లు ముందు ఒక పని చేయండి. వాట్సాప్, టెలిగ్రామ్, ఇన్‌స్టాగ్రామ్‌లకు ఒకే లింక్ ఇవ్వకుండా, ఒక్కోదానికి వేరే యూటీఎం ట్యాగ్ (క్లిక్ ఎక్కడినుంచి వచ్చిందో చెప్పేలా లింక్ చివర చేర్చే గుర్తు) తగిలించండి. ఎవరు ఎక్కడినుంచి వచ్చారో తెలియకుండా చేసే మరమ్మతు చీకట్లో సూది వెతకడమే.

సమస్య: లైకులు వస్తున్నాయి, లింక్ ఎవరూ నొక్కడం లేదు

ఇన్‌స్టాగ్రామ్ అయితే కారణం చిన్నదే. క్యాప్షన్‌లో పెట్టిన లింక్ నొక్కినా తెరుచుకోదు. బయోలో గానీ స్టోరీలో లింక్ స్టికర్‌గా గానీ పెట్టండి.

మిగతాచోట్ల తప్పు పోస్టులోనే ఉంటుంది. "హైపర్‌కలేమియాపై కొత్త పాఠం" (రక్తంలో పొటాషియం మితిమీరడం) అంటే చూసి, మెచ్చుకుని వెళ్లిపోతారు. అదే ఈసీజీ పెట్టి ఇలా అడగండి: "పొటాషియం 7.1, టీ వేవ్‌లు మొనదేలాయి. ముందు ఏది ఇస్తారు? ఇన్సులిన్-గ్లూకోజ్, కాల్షియం గ్లూకోనేట్, సాల్బుటమాల్?" ముందు ఇవ్వాల్సింది కాల్షియం. అది పొటాషియాన్ని తగ్గించదు, గుండె కండరాన్ని కాపాడుతుంది. ఆ తేడా తట్టక ఇన్సులిన్ ఎంచుకున్నవాళ్లే మీ అసలు విద్యార్థులు. జవాబు పోస్టులో చెప్పేయకండి, పాఠంలో అది వచ్చే నిమిషానికే లింక్ ఇవ్వండి.

సమస్య: క్విజ్‌కు ఓట్లు పడతాయి, చర్చ మాత్రం నడవదు

టెలిగ్రామ్ క్విజ్‌లో ఆప్షన్ నొక్కగానే సరైన జవాబు బయటపడుతుంది. ఇక మాట్లాడటానికేం మిగిలింది? మామూలు పోల్ పెట్టి ఒక రోజు ఆగండి. ఓట్లు అనామకంగానే ఉంచండి, ప్రొఫెసర్లున్న గ్రూపులో ఇంటర్న్ పేరుతో తప్పు చెప్పడు. మర్నాడు ఎక్కువ ఓట్లు పడిన తప్పు జవాబునే పట్టుకుని, అది ఎందుకు సరైనదిలా కనిపించిందో రాయండి.

సమస్య: వీడియోను అర నిమిషంలోనే వదిలేస్తున్నారు

యూట్యూబ్ స్టూడియోలో రిటెన్షన్ గ్రాఫ్ (ఏ క్షణానికి ఎంతమంది ఇంకా చూస్తున్నారో చూపే గీత) చూడండి. మొదట్లోనే గీత నిలువునా పడిపోతే లోగో, వక్త పరిచయం, లక్ష్యాల స్లైడు తీసేసి రోగి లక్షణాలతో మొదలుపెట్టండి. చాప్టర్లు (వీడియోలోని భాగాలు) కనబడాలంటే డిస్క్రిప్షన్‌లో మొదటి సమయం 0:00 కావాలి, కనీసం 3 ఉండాలి, ఒక్కోటి 10 సెకన్లకు తగ్గకూడదు. ఆటోమేటిక్ క్యాప్షన్లు మనిషి చదివి దిద్దాల్సిందే. "హైపో" (తక్కువ) బదులు "హైపర్" (ఎక్కువ) పడితే అది ఒట్టి అచ్చుతప్పు కాదు, అర్థమే తిరగబడుతుంది.

సమస్య: వాట్సాప్ గ్రూపును అందరూ మ్యూట్ చేశారు

గుడ్ మార్నింగులు, ఫార్వర్డ్ పీడీఎఫ్‌లు. అడ్మిన్లే పోస్టు చేసేలా సెట్టింగ్ మార్చి, వారానికి రెండు కేసులు, ఒకే వేళకు.

సమస్య: రోగి ఎవరో తెలిసిపోయింది

పవర్‌పాయింట్‌లో క్రాప్ చేసిన భాగం కనబడకపోయినా ఫైల్లోనే ఉంటుంది. స్లైడ్లు పంచుకుంటే పేరున్న అంచు ఎవరైనా వెనక్కి లాగి చూడొచ్చు. క్రాప్ చేసిన భాగాలను శాశ్వతంగా తొలగించే ఆప్షన్ వాడండి. అల్ట్రాసౌండ్ చిత్రంపై ముద్రపడిన పేరు, నంబరు, తేదీ కూడా చెరపండి. కళ్లపై నల్లపట్టీ సరిపోదు, పచ్చబొట్టే మనిషిని పట్టిస్తుంది. చికిత్సకిచ్చిన సమ్మతి దీనికి చెల్లదు. సోషల్ మీడియా అని స్పష్టంగా రాసిన సమ్మతి తీసుకుని, పోస్టు చేసిన ప్రతి లింకూ ఆ పత్రం వెంటే ఉంచండి. రోగి మనసు మార్చుకున్న రోజు వేటిని తీసేయాలో వెతుక్కోనక్కర్లేదు.