ఆక్టల్ లెక్కలు: డెసిమల్‌లోకి మార్చకుండా నేరుగా

ఆక్టల్‌లో, అంటే ఎనిమిది ఆధారంగా రాసే సంఖ్యల్లో, కూడిక ఇవ్వగానే చాలామంది రెండు సంఖ్యల్నీ మనం రోజూ వాడే డెసిమల్‌లోకి మార్చి, కూడి, మళ్లీ ఎనిమిదితో భాగించుకుంటూ వెనక్కి వస్తారు. జవాబు వస్తుంది, కాగితమూ నిండుతుంది. నా దగ్గర నేర్చుకునేవాళ్లకు ముందు ఈ అలవాటే మాన్పిస్తాను.

ఆక్టల్‌లో అంకెలు 0 నుంచి 7 వరకే. స్థానాలు ఒకట్లు, ఎనిమిదులు, అరవై నాలుగులు. అంటే 10 విలువ ఎనిమిది. దాన్ని ‘ఒకటి సున్నా’ అనే చదవండి, ‘పది’ అన్నారంటే లెక్క దారి తప్పుతుంది. సి ప్రోగ్రామింగ్ భాషలో 010 అని రాస్తే కంప్యూటర్ ఎనిమిదిగానే తీసుకుంటుంది. ముందున్న ఆ సున్నా ఊరికే ఉన్నది కాదు!

357 + 264 చేద్దాం. 7, 4 కలిపితే పదకొండు. మనసులో పదకొండు అనే అనుకోండి, ఏం ఫర్వాలేదు. అందులోంచి ఎనిమిది తీసేస్తే 3. అది వేసి, 1 చేతిలో ఉంచుకోండి. 5, 6, చేతిలో 1 కలిసి పన్నెండు. ఎనిమిది పోను 4, మళ్లీ చేతిలో 1. చివరికి 3, 2, 1 కలిపితే 6. ఎనిమిది రాలేదు కాబట్టి అలాగే వేసేయడమే. జవాబు 643.

టెన్షన్ పెట్టేది తీసివేత, అందులోనూ మధ్యలో సున్నా ఉంటే. 502 − 137 చూడండి. 2లోంచి 7 పోదు. పక్కన అప్పు అడిగితే అక్కడ సున్నా. అందుకని 5 దగ్గరికి వెళ్లాలి. 5 కాస్తా 4 అవుతుంది, సున్నా ఎనిమిదవుతుంది. ఆ ఎనిమిది ఒకటి అప్పిచ్చి 7గా మిగులుతుంది. ఇటు ఒకట్లలో ఎనిమిదీ రెండూ కలిసి పది, ఏడు పోతే 3. తర్వాత 7లో 3 పోతే 4, 4లో 1 పోతే 3. జవాబు 343. డెసిమల్ అలవాటుకొద్దీ ఆ 7 ఉండాల్సిన చోట 9 వేసేస్తుంటారు, జాగ్రత్త.

గుణకారంలో కొత్తేమీ లేదు. 36 × 5లో ఆరైదుల ముప్పై, అందులో మూడు ఎనిమిదులు పోను 6. చేతిలో 3. మూడైదుల పదిహేను, మూడు కలిపితే పద్దెనిమిది, అంటే రెండు ఎనిమిదులూ 2, ఆక్టల్‌లో 22. జవాబు 226.

సరిచూడటానికి అంకెల మొత్తాన్ని ఏడుతో భాగించి శేషం చూడండి. సంఖ్యను భాగించినా దాని అంకెల మొత్తాన్ని భాగించినా ఒకే శేషం రావడం డెసిమల్‌లో తొమ్మిదికి ఉన్న గుణం, ఇక్కడ అది ఏడుకుంది. 357కి శేషం 1, 264కి 5, 643కి 6. 1, 5 కలిపితే 6, సరిపోయింది. అయితే 643 బదులు 634 అని అంకెలు తారుమారు చేసి రాసినా శేషం 6 వస్తుంది, ఆ తప్పు ఇందులో దొరకదు.