నీట్ రాయకముందే సర్టిఫికెట్లు సర్దుకోండి

నీట్ ఫలితం వచ్చాక కౌన్సెలింగ్ దరఖాస్తుకు దొరికేది కొద్ది రోజులే. అప్పుడు స్టడీ సర్టిఫికెట్ల కోసం పాత బడి చుట్టూ తిరగడం పెద్ద తలనొప్పి.

ఈ పని ఏప్రిల్‌లోనే తెమిల్చేయండి. తిరుపతి ఎస్వీ మెడికల్ కాలేజీలో లోకల్ కోటా సీటు అడగాలంటే పిల్లలు ఎక్కడ చదివారో చూస్తారు. అందుకే 6వ తరగతి నుంచి ఇంటర్ దాకా ఏ సంవత్సరమూ ఖాళీ లేకుండా స్టడీ సర్టిఫికెట్లు ఉండాలి. వేసవి సెలవులకు బడి మూయకముందే హెడ్‌మాస్టరు సంతకం, సీలు వేయించుకోండి. బడే మూతపడి ఉంటే ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసులో అడగాలి. పేరు, ఇంటిపేరు, పుట్టినతేదీ టెన్త్ మెమోలో ఉన్నట్టే ఉన్నాయా అని అక్కడే నిలబడి చూసుకోండి. ఆధార్‌లో అక్షరం తేడా ఉన్నా ఇప్పుడే దిద్దించండి, దానికే ఎక్కువ రోజులు పడుతుంది. తర్వాత అన్నీ విడివిడిగా పీడీఎఫ్ చేసి పెట్టుకోండి.

ఈడబ్ల్యూఎస్ (ఏ రిజర్వేషనూ లేని పేద కుటుంబాలకిచ్చే) సర్టిఫికెట్ మాత్రం మార్చిలో తీసుకోవద్దు. అది ఆ ఆర్థిక సంవత్సరానికే చెల్లుతుంది. ఏప్రిల్ 1 దాటాక మీ గ్రామ, వార్డు సచివాలయంలో దరఖాస్తు పెట్టండి. బీసీలు ఆలిండియా 15 శాతం కోటాకూ వెళ్లాలంటే రాష్ట్ర కుల ధ్రువపత్రం చాలదు, కేంద్రం నమూనాలో ఓబీసీ ఎన్‌సీఎల్ (నాన్ క్రీమీలేయర్) సర్టిఫికెట్ వేరుగా కావాలి.

చిత్తూరు, కుప్పం వైపు పిల్లలు వేలూరులోనో బెంగళూరులోనో చదివి ఉంటే ఈ కాగితాలతోనే లోకల్ కారు. వాళ్లు ఆ ఏటి నోటిఫికేషన్‌లో స్థానికత నిబంధన ముందే చదువుకోవాలి. డిసెంబరు 31కి 17 ఏళ్లు నిండనివాళ్లు ఎంత తొందరపడినా ఆ ఏడాది నీట్‌కు అర్హులు కారు.