5కె పూర్తయిందా? కాళ్లు పాడయ్యేది ఇప్పుడే

గత ఆదివారం మా రన్నింగ్ గ్రూపులో ఒకతను చంకలో కర్రతో వచ్చి టీ తాగి వెళ్లాడు. జూన్ మొదట్లో కౌచ్ టు 5కె (అసలు పరిగెత్తనివాళ్లని మెల్లగా ఐదు కిలోమీటర్లు లేదా అరగంట ఆగకుండా పరిగెత్తేదాకా తెచ్చే ప్లాన్) తొమ్మిది వారాలూ పూర్తి చేశానని అందరికీ స్వీట్లు పంచినవాడే. ఎక్కడా పడలేదు, ఏదీ తగల్లేదు, అయినా మోకాలి కింద ముందు ఎముకకి స్ట్రెస్ ఫ్రాక్చర్, అంటే పదే పదే ఒత్తిడి పడి వచ్చే సన్నటి పగులు. మొదటి ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోయేసరికి (ఈ పగుళ్లు మొదట్లో కనిపించకపోవడం మామూలే) ఇంకో పది రోజులు కుంటుతూనే పరిగెత్తాడు. చివరికి ఎమ్మారైలో బయటపడింది.

ఆగస్టు చివర్లో హైదరాబాద్ మారథాన్ ఉంటుంది కాబట్టి ఏటా ఈ రోజుల్లో ఇలాంటివాళ్లు తయారవుతారు. బూట్లు, నీళ్లు, వార్మప్ గురించి నేను చెప్పను, అవి మీకు తెలుసు. చెప్పేది ఒక్కటే. దూరం, వేగం రెండూ ఒకేసారి పెంచకండి.

ఎందుకంటే తొమ్మిది వారాల్లో గుండె, ఊపిరితిత్తులు బాగానే దారికొస్తాయి, ఆయాసం తగ్గుతుంది, ఇంకా పరిగెత్తగలను అనిపిస్తుంది. ఎముకలు, మడమ వెనక ఉండే స్నాయువు (టెండన్) గట్టిపడటానికి మాత్రం నెలలు పడుతుంది. ఊపిరి సరేనంటుంది, ఎముక ఇంకా సిద్ధంగా ఉండదు, అది మనకి తెలిసేది నొప్పి వచ్చాకే. మా వాడు చేసింది సరిగ్గా ఇదే. అరగంటలో నాలుగు కిలోమీటర్లు వెళ్లేవాడు, అదే అరగంటలో ఐదు రావాలని వేగం పెంచాడు, అదే నెలలో ఆదివారం పరుగుని పది కిలోమీటర్లకి లాగాడు. రెండూ ఒకేసారి.

ముందు దూరం సంగతి. వారానికి మూడు రోజులే ఉంచండి. రెండు రోజులు పాత అరగంటే, మూడో రోజు మాత్రం ఐదు నిమిషాలు కలపండి. మూడు వారాలు అలా పెంచి నాలుగో వారం తగ్గించండి. కిలోమీటర్లు లెక్కపెట్టకండి, నిమిషాలు లెక్కపెట్టండి, లేకపోతే ఎంత వేగంగా వెళ్తున్నామా అని చూపు దానంతటదే వాచీ మీదకి పోతుంది.

ఇక వేగం. మొదటి రెండు నెలలు దాన్ని ముట్టుకోవద్దు. పక్కవాడితో రాత్రి మ్యాచ్ గురించి పూర్తి వాక్యాల్లో మాట్లాడగలగాలి, ముక్కలు ముక్కలుగా వస్తోందంటే మీరు ఎక్కువ వేగంగా వెళ్తున్నట్టే. కేబీఆర్ పార్కు చుట్టూ ఎత్తు వచ్చినచోట ఎవరైనా దాటిపోతే పోనివ్వండి. అక్కడ నడిచినా పరువేమీ పోదు, నేను ఇప్పటికీ నడుస్తాను. రెండు నెలలయ్యాక వారానికొకసారి, పరుగు చివర్లో, ఇరవై సెకన్ల చొప్పున నాలుగుసార్లు కాస్త చురుగ్గా వెళ్లి మధ్యలో పూర్తిగా తేరుకోండి. చాలు. ఆ వారం దూరం పెంచకూడదు, మళ్లీ చెబుతున్నాను.

నొప్పి వచ్చిందా, పిక్క ముందు ఎముక మీద బొటనవేలితో కింది నుంచి పైకి నొక్కుకుంటూ రండి. నొప్పి జానెడు పొడవునా పరుచుకుని ఉంటే విశ్రాంతి తీసుకుని చూడొచ్చు. రూపాయి బిళ్లంత చోట మాత్రమే ప్రాణం పోయినట్టుంటే, రాత్రి పడుకున్నప్పుడు కూడా సలుపుతుంటే పరుగు బంద్, డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

పెయిన్‌కిల్లర్ వేసుకుని పరిగెత్తకండి. తప్పిపోయిన పరుగుని మర్నాడు కలిపి కొట్టకండి. వాన పడ్డాక టైల్స్ ఫుట్‌పాత్ మీద వద్దు. ఫ్లైఓవర్ దిగేటప్పుడు కాళ్లు వదిలేయకండి, దెబ్బ తగిలేది ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడే. వైజాగ్‌లో ఉన్నవాళ్లు బీచ్ ఇసుకలో మొదలుపెట్టకండి, పిక్కలు, మడమలు పట్టేస్తాయి. ఉక్కపోత రోజున వాచీలో పేస్ (పరుగు వేగం) చూడకండి, దానంతటదే పడిపోతుంది, పడనివ్వండి. జ్వరం తగ్గిన మర్నాడే రోడ్డెక్కకండి. ఛాతీ పట్టేసినా, కళ్లు తిరిగినా ఆ క్షణమే ఆగండి, ఇంకో వంద మీటర్లే అని లెక్కలు వేసుకోకండి. స్ట్రావా యాప్‌లో ఎవరో పెట్టిన టైమింగ్ చూసి, దాన్ని దాటాలని మర్నాడు పొద్దున్నే పరిగెత్తకండి. దూరం పెంచిన వారం వేగం పెంచకండి, వేగం పెంచిన వారం దూరం పెంచకండి.

జూన్‌లో 5కె పూర్తి చేసి ఆగస్టులో ఇరవై ఒక్క కిలోమీటర్లకి ఇప్పటికే డబ్బు కట్టేసి ఉంటే, పదికి మారుస్తారేమో నిర్వాహకులని అడగండి. కుదరదంటే ఆ డబ్బు పోనివ్వండి.