అరియర్స్ భయం, ఇంటి బెంగ: చెన్నైలో చదివే విశ్వాసి ఒత్తిడిని ఎలా ఎదుర్కోవాలి?

నెల్లూరు నుంచో ఒంగోలు నుంచో వచ్చి తాంబరం దాటాక పోతేరి దగ్గర హాస్టల్లో చేరిన విద్యార్థికి ఇంటర్నల్స్ వారంలో ఇంటి నుంచి ఫోనులో తరచుగా వినబడే మాట ఒకటుంది: "ప్రార్థన చేసుకోమ్మా, అంతా దేవుడే చూసుకుంటాడు." ఆ మాటలో ప్రేమే తప్ప తప్పు లేదు. అయితే రాత్రి రెండు గంటలకు గుండె దడదడలాడుతున్నప్పుడు ఆ ప్రార్థనను ఎక్కడ మొదలుపెట్టాలో అది చెప్పదు.

మొదటి పని: తిని, పడుకోండి

బైబిలు తెరవడానికి ముందే చేయవలసిన పని ఇది. మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయంలో ప్రవక్త ఏలీయా యెజెబెలు రాణి బెదిరింపుకు భయపడి అరణ్యంలోకి ఒక దినప్రయాణం పారిపోయి, బదరీవృక్షం కింద కూర్చుని, ఇక చాలు, నా ప్రాణం తీసుకొమ్మని దేవుణ్ణి వేడుకుంటాడు. అప్పుడు వచ్చిన దూత ఆయనను మందలించలేదు, వాక్యం చెప్పలేదు, లేచి తినమన్నాడు. నిప్పుల మీద కాల్చిన అప్పం, నీళ్లు అక్కడ ఉన్నాయి. ఆయన తిని మళ్లీ పడుకున్నాడు, దూత రెండోసారి లేపి మళ్లీ తినమన్నాడు. "ఇక్కడ ఏమి చేస్తున్నావు?" అని దేవుడు అడిగిన ప్రశ్న హోరేబు కొండకు చేరాకనే, అంటే నలభై రోజుల నడక తరువాతనే వచ్చింది. మెస్ సాంబారు నచ్చక బిస్కెట్ ప్యాకెట్‌తో, మూడు కాఫీలతో రాత్రంతా మేలుకొని, తెల్లవారాక తన విశ్వాసం బలహీనపడిందని బాధపడే విద్యార్థి ముందుగా ఈ అధ్యాయం చదవాలి. చాలాసార్లు బలహీనపడింది విశ్వాసం కాదు, శరీరం.

రెండో పని: చింతను కాగితం మీద పెట్టండి

"ప్రభువా, నా చదువును ఆశీర్వదించు" అన్న ప్రార్థన మంచిదే కాని, మనసులోని ముడి దానితో విడదు. ఫిలిప్పీయులకు రాసిన పత్రికలో, అదీ బంధకాలలో ఉండి, పౌలు చింతపడవద్దని చెప్పి ఊరుకోలేదు. ప్రతి విషయంలోను విన్నపాలు దేవునికి తెలియజేయమన్నాడు. కాబట్టి విషయాలను విడివిడిగా రాయండి: రెండో సెమిస్టర్ మ్యాథ్స్ అరియర్ (తప్పి మళ్లీ రాయవలసిన పేపరు), రాయవలసిన మూడు ల్యాబ్ రికార్డులు, నాన్న అప్పు చేసి కట్టిన ఫీజు. తరువాత ఒక్కొక్క వరుస పక్కన ఈ రోజు చేయగలిగింది ఏదైనా ఉంటే రాయండి. రికార్డు పక్కన "సాయంత్రం ఒకటి" అని రాయవచ్చు; అప్పు పక్కన ఖాళీగానే ఉండవచ్చు. ఆ ఖాళీలను ప్రార్థనలో పేరుపేరునా చెప్పి, పని ఉన్న వరుసతో చదువుకు కూర్చోండి. మత్తయి 6:34లోని "ఏనాటికీడు ఆనాటికి చాలును" అన్న మాటను ఆచరణలో పెట్టడం అంటే ఇదే.

కోపం వచ్చినా చెప్పవచ్చు. 13వ కీర్తన "ఎంతకాలము" అన్న నిలదీతతోనే మొదలవుతుంది.

మూడో పని: బేరం పెట్టకండి

పాసైతే ఇంత కానుక ఇస్తానని, ప్లేస్‌మెంట్ వస్తే ఉపవాసం ఉంటానని మొక్కుకుంటే, ఫలితం తారుమారైన రోజున పేపరుతో పాటు దేవుడు కూడా దూరమైనట్టు అనిపిస్తుంది.

నాలుగో పని: కూడిక మానకండి

మన సంఘాలలో సాక్ష్యం చెప్పడానికి లేచేది ఎక్కువగా ర్యాంకు వచ్చినవాళ్లే. అరియర్ ఉన్నవాడు వెనక వరుసలో తల దించుకుని, తరువాత రావడమే మానేస్తాడు. ఇది సంఘం దిద్దుకోవలసిన లోపం. లోకల్ రైల్లో గిండీకి వెళ్లేవాళ్లు దాటే సెయింట్ థామస్ మౌంట్ స్టేషను పేరు యేసు శిష్యుడు తోమాదే. యేసు తిరిగి లేచి శిష్యులకు కనబడిన మొదటి ఆదివారం తోమా వాళ్లతో లేడు, వాళ్లు చెప్పింది నమ్మలేదు. అయినా ఎనిమిది రోజుల తరువాత అదే ఇంట్లో వాళ్లతోనే ఉన్నాడు. సందేహం ఉన్నా ఆ గుంపును వదలకపోవడం వల్లనే ప్రభువు వచ్చినప్పుడు ఆయన అక్కడ ఉన్నాడు. ఆదివారం స్పెషల్ క్లాసు పెడితే సాయంత్రం తెలుగు ఆరాధన ఎక్కడ ఉందో అడిగి తెలుసుకోండి. పాస్టరుగారితో మాట్లాడటం బెరుకైతే, మీకంటే రెండేళ్లు ముందున్న సీనియర్ అన్నకో అక్కకో చెప్పండి.

ఐదో పని: వైద్యాన్ని వాయిదా వేయకండి

వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, ఏ పనీ చేయబుద్ధి కాకపోయినా డాక్టరును కలవాలి. చనిపోవాలనిపిస్తే ఒంటరిగా ఉండకుండా వెంటనే రూమ్మేట్‌ను లేపండి, 14416 టెలి మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి) నంబరుకు ఫోన్ చేయండి. అది ఉచితం, రాత్రింబగళ్లు పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడతారు. మందులు వాడటం అవిశ్వాసమని ఎవరైనా అంటే, పౌలు లూకాను "ప్రియుడైన వైద్యుడు" అని పిలిచిన సంగతి గుర్తుచేయండి.

చివరగా ఇంటికి చేయవలసిన ఫోను. ఫలితాలు వాళ్లకు ఇంకొకరి నోట తెలియకముందే, అన్నం తిన్నాక, పగటిపూట చేయండి. "నాన్నా, మ్యాథ్స్ పోయింది. నవంబరులో మళ్లీ రాస్తాను. ఈ వారం నుంచి ఒక సీనియర్ దగ్గర చెప్పించుకుంటున్నాను. ఇప్పుడు నాతో కలిసి ఒక్క నిమిషం ప్రార్థన చేయండి." అవతల కాసేపు మాట రాకపోయినా ఫోను పెట్టేయకండి.