భద్రతా శిక్షకుడిగా ఎదగడం - 4వ పాఠం: చెప్పడం కాదు, చేయించడం

పోయిన పాఠంలో ఇచ్చిన పని చాలామందికి ఒకే చోట అడ్డం తిరిగింది. మందుల ఫ్యాక్టరీలో రియాక్టర్‌లోకి (రసాయనాలు కలిపే పెద్ద ట్యాంకులోకి) దిగేముందు ఇచ్చే పది నిమిషాల టూల్‌బాక్స్ టాక్ (పని దగ్గరే చెప్పే చిన్న భద్రతా పాఠం) రాయమంటే, 1948 ఫ్యాక్టరీల చట్టం 36వ సెక్షన్‌తో మొదలుపెట్టి పర్మిట్ (దిగడానికి రాతపూర్వక అనుమతి), పీపీఈ (ఒంటికి తొడిగే రక్షణ సామగ్రి), రెస్క్యూ, ప్రథమ చికిత్స అన్నీ కుక్కారు. గబగబా చదివినా అరగంట పడుతుంది. కాబట్టి ఈసారి చెప్పాల్సిన ఆడిట్ రిపోర్టును వాయిదా వేసి, అదే టాక్‌ను మళ్లీ కడదాం.

ఒక టాక్‌కు ఒకే పని. టాక్ అయ్యాక పనివాళ్లు చేతులతో ఏం చేసి చూపించాలో ఒక వాక్యంలో రాసుకోండి. 'గ్యాస్ ప్రమాదాల గురించి తెలుసుకుంటారు' అని రాస్తే, తెలుసుకున్నారో లేదో మీకు కనబడదు. 'హోల్ వాచర్ (మ్యాన్‌హోల్ బయట కాపలా ఉండేవాడు) గ్యాస్ మీటరు గొట్టాన్ని మూడు ఎత్తుల్లో దించి రీడింగులు పర్మిట్‌లో రాస్తాడు' అంటే కనబడుతుంది. కారణం చెప్పడానికి రెండు నిమిషాలు, మీరు చేసి చూపడానికి మూడు, వాళ్లతో చేయించడానికి ఐదు. నా లెక్కలో స్లైడ్లకు చోటే లేదు.

చేసి చూపేటప్పుడు మీటరును బయటి గాలిలో ఆన్ చేయండి, ఆక్సిజన్ 20.9 శాతం చూపాలి. మ్యాన్‌హోల్ మూతి దగ్గరే పట్టుకుని ఆ 20.9నే పర్మిట్‌లో రాసేవాళ్లున్నారు. అది బయటి గాలి లెక్క. పైన, మధ్యలో, అడుగున చూడాలి. మీథేన్ పైకి చేరుతుంది. టొల్యూన్ ఆవిరి, హైడ్రోజన్ సల్ఫైడ్ అడుగున పేరుకుంటాయి. గొట్టం పొడవును బట్టి గాలి మీటరు దాకా రావడానికి సమయం పడుతుంది. మాన్యువల్‌లో చెప్పినంతసేపు ప్రతి ఎత్తులోనూ ఆగండి.

ముందు ఆక్సిజన్, తర్వాత ఎల్‌ఈఎల్ (గాలిలో గ్యాస్ అంటుకోవడానికి కావాల్సిన కనీస మోతాదు; మీటరు అందులో ఎంత శాతం ఉందో చూపుతుంది), చివర విషవాయువులు. ఎల్‌ఈఎల్ సెన్సర్లలో ఎక్కువ రకాలు గ్యాస్‌ను మండించి కొలుస్తాయి. నైట్రోజన్ నింపిన రియాక్టర్‌లో మండడానికి ఆక్సిజనే లేదు కనుక అక్కడ కనబడే సున్నాను నమ్మకూడదు. ఆక్సిజన్ 19.5 కంటే తగ్గినా, 23.5 దాటినా, ఎల్‌ఈఎల్ 10 శాతానికి చేరినా దిగడం లేదు. టొల్యూన్ లాంటి సాల్వెంట్ ఉన్నచోట ఆ పది శాతం హద్దు కూడా చాలదు. టొల్యూన్ 5 శాతం ఎల్‌ఈఎల్ అంటే సుమారు 550 పీపీఎం (గాలిలో పది లక్షల భాగాలకు 550), పది శాతం లోపే కనుక అలారం మోగదు. అమెరికా నియోష్ సంస్థ ప్రాణాపాయ స్థాయిగా పెట్టినది 500. అక్కడ పీఐడీ మీటరు (సాల్వెంట్ ఆవిరిని పీపీఎంలలో కొలిచేది) అడగండి.

ఇప్పుడు అసలు గొయ్యి: 'అర్థమైందా?' ఈ మాట మీ టాక్‌లోంచి పూర్తిగా కొట్టేయండి. కాంట్రాక్టర్ సూపర్‌వైజర్ వెనక నిలబడి ఉంటాడు, పని ఆలస్యమవుతోందని తొందరపెడుతుంటాడు. అలాంటప్పుడు 'కాలేదు సార్' అని ఎవరంటారు? ఒడిశా నుంచి, బిహార్ నుంచి వచ్చినవాళ్లు తెలుగు తెలియకపోయినా తలూపుతారు. మీరు సంతకాల షీటు తిప్పుతారు. ఆ షీటు వాళ్లు అక్కడ నిలబడ్డారని మాత్రమే చెబుతుంది, నేర్చుకున్నారని కాదు. దాని బదులు పరిస్థితి ఇచ్చి అడగండి. 'పైన 20.8, అడుగున 18.2. ఏం చేస్తారు?' 'పర్మిట్ పొద్దున తీసుకున్నారు, భోజనం చేసి వచ్చారు. నేరుగా దిగొచ్చా?' 'కార్ట్రిడ్జ్ మాస్క్ ఉంది, ఆక్సిజన్ 17. చాలా?' చాలదు, ఆ మాస్క్ గాలిని వడకడుతుందే గానీ ఆక్సిజన్ ఇవ్వదు. 'లోపల మనిషి పడిపోయాడు. మీరు?' దీనికి 'దిగి లాగుతా' అనే జవాబు వస్తే టాక్ ముగించకండి. కాపాడబోయి వెనకే దిగినవాళ్లు కూడా చనిపోయే ప్రమాదమిది. అలారం కొట్టించి, ట్రైపాడ్ వించ్‌ను (మూడుకాళ్ల స్టాండుకుండే, మనిషిని తాడుతో పైకి లాగే చక్రాన్ని) తిప్పించి, బయటి నుంచే లాగడం వాళ్ల చేతే చేయించండి.

ఏడీఐఎస్, నెబోష్ అనే భద్రతా కోర్సులు ఎక్కడ చేయాలో మొదటి పాఠంలోనే ఉంది. ఆ సర్టిఫికెట్లు పోటీకొచ్చే చాలామంది దగ్గర ఉంటాయి. మీరు ప్రతి టాక్‌కు ఒక పేజీ రాసి ఫైలు చేయండి: పని ఏమిటి, ఎంతమంది సాయం లేకుండా చేశారు, ఎక్కడ తడబడ్డారు, వారం తర్వాత నిజం పనిలో ఏం చేస్తున్నారు. పేర్లు రాయొద్దు. ఇంటర్వ్యూలో ఆ ఫైలు ముందు పెట్టండి.

అభ్యాసం: ఇదే టాక్‌ను తెలుగు రానివాళ్లకు ఒక్క మాట కూడా మాట్లాడకుండా, చేసి చూపుతూ ఇవ్వండి. ఆరుగురితో విడివిడిగా చేయించండి. ఏడో రోజు ముందు చెప్పకుండా వెళ్లి, గొట్టం ఎన్ని ఎత్తుల్లో ఆగిందో రాసుకోండి.