సిజేరియన్ కుట్ల మచ్చ: చెమట ఊళ్లో ఉన్నవాళ్లకి

చెన్నైలో మే నెలలో డెలివరీ అయినవాళ్లకి తెలుసు, కుట్ల కన్నా చెమటతోనే ఎక్కువ బాధ. పొట్ట మడత కుట్ల మీదకి జారి కూర్చుంటుంది కదా, లోపల ఎప్పుడూ తడితడిగానే ఉంటుంది. నేనైతే స్నానం అయ్యాక మంచం మీద వెల్లకిలా పడుకుని, మడత పైకెత్తి, ఉతికి ఎండేసిన పాత పంచె ముక్కతో మెల్లగా అద్ది (రుద్దకూడదు), ఫ్యాన్ కింద ఓ అయిదు నిమిషాలు అలాగే ఉండిపోయేదాన్ని, ఈలోపు మా ఏరియా వేలచ్చేరిలో కరెంటు పోకుండా ఉంటే. లోదుస్తులు నడుం పైదాకా వచ్చేవి, ఒక సైజు పెద్దవి తీసుకోండి, ఎలాస్టిక్ కుట్ల మీద పడకూడదు.

మా అత్తయ్య పసుపు, ఆముదం రాయమని ఒకటే గోల, పాపం ప్రేమతోనే, కానీ మానని గాయం మీద సొంతంగా ఏదీ రాయకండి. పూర్తిగా మూసుకుని, 6 వారాల చెకప్‌లో డాక్టర్ సరే అన్నాక మచ్చ మీద సిలికాన్ జెల్ గానీ షీట్ (అంటించుకునే పల్చటి పట్టీ) గానీ వాడొచ్చు. షీట్ అయితే రోజుకి 12 గంటల పైనే, 2-3 నెలలు, ఓపిక కావాలి. అప్పుడే వేళ్లతో చర్మాన్ని పైకీ కిందకీ, అటూ ఇటూ మెల్లగా కదుపుతూ మసాజ్ కూడా. చుట్టూ మొద్దుబారినట్టుంటే కంగారొద్దు, తగ్గడానికి నెలలు పడుతుంది.

మచ్చ వంగి చూస్తే కనపడదు, ఫోన్‌లో ఫోటో తీసి చూసుకోండి. ఎర్రగా ఉబ్బినా, చీము, వాసన ఉన్నా, జ్వరం 100.4 దాటినా ఆ రోజే హాస్పిటల్‌కి వెళ్లండి.